పందొమ్మిది, పదిహేను, పద్దెనిమిది, పదిహేను: మా ఆల్బమ్ కథ

మా డ్రమ్మర్ వాళ్ల నాన్నగారు తెలుగు మాస్టారు. తెనాలిలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి సైనిక్‌పురి వచ్చేశారు. మేం మేడమీద గదిలో వాయించుకుంటుంటే ఆయన కింద హాల్లో పేపరు చదువుకునేవారు. మొదటి ఏడాదంతా మా సంగీతం గురించి ఆయన అన్నది ఒక్కటే మాట. "ఫ్యాను కూడా ఊగుతోంది బాబూ."

మేం నలుగురం. నేను బేస్ వాయిస్తాను, పగలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. గిటార్ వాయించేవాడు నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్. కీబోర్డు వాయిస్తూ పాడేది మాకంటే నాలుగేళ్లు పెద్దది, అందరం అక్కా అనే పిలుస్తాం. నాలుగోవాడు డ్రమ్మర్, ఆ ఇల్లు వాడిదే. ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఏంట్రా అని మా అత్తయ్య అడిగితే, "పాట ఎప్పుడు అయిపోతుందో తెలియని రాక్" అని చెప్పాను. నవ్వులాటకే అన్నా అది పెద్ద తప్పేమీ కాదు. 1970ల్లో ఇంగ్లండ్ బ్యాండ్లు ఎల్పీ రికార్డులో ఒక వైపంతా ఒకే పాటతో నింపేవి. ఒక వైపు పట్టేది ఇరవై నిమిషాల పైచిలుకు, పాట కొలత కూడా అదే. దానికి తోడు లెక్క కుదరని తాళాలు. మామూలు పాట నాలుగేసి దెబ్బల మీద నడుస్తుంటే ఇవి ఐదు, ఏడు, పదకొండు అంటాయి.

2021 ఆగస్టులో, లాక్‌డౌన్లు సడలాక, ఒక కథ మీద ఆల్బమ్ చేద్దాం అనుకున్నాం. కథ అక్కే తెచ్చింది. 1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో మూసీ పొంగింది. వేలమంది పోయారు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది, ఆ వరదలో దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. చెట్టు ఇప్పటికీ ఉంది. ఒక ఆదివారం వెళ్లి చూశాం. చుట్టూ స్కూటర్లు, టిఫిన్ డబ్బాలతో పేషెంట్ల తాలూకు జనం. ఒక పెద్దాయన చెట్టుకు ఆనుకుని ఎక్స్‌రే కవర్‌తో విసురుకుంటున్నాడు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడం. ఆ చరిత్రంతా మాకు అక్కర్లేదనుకున్నాం. చెట్టు చెప్పే కథగా ఐదు పాటలు చాలు. ఆల్బమ్ పేరు కూడా అప్పుడే దొరికింది, "చింత". చెట్టూ అదే, దిగులూ అదే.

ఏడు నెలలు కష్టపడి మూడు పాటలు కట్టాం. నాలుగోది కూడా ఏదో ఒకలా అయింది. చివరిది, వరద పాట, అస్సలు కుదర్లేదు. ఏడు దెబ్బల్లో ఒక ముక్క, తర్వాత ఐదులో ఒకటి, తొమ్మిదిలో ఒకటి రాసుకున్నాం. వాయిస్తుంటే లెక్కల హోంవర్క్ చేస్తున్నట్టుండేది. అందరి పెదాలూ కదులుతుండేవి, వన్ టూ త్రీ ఫోర్ ఫైవ్ అని. పైగా మాటలు విరిగిపోయేవి. ఐదో దెబ్బకు అందాలని అక్క "చెట్టు"ను "చెటూ" అనేది. "నీరు" కాస్తా "నిరూఊ" అయ్యేది. రికార్డు చేసుకుని వింటే తెలుగు రానివాళ్లు పాడినట్టుంది.

ఒక రాత్రి రిహార్సల్ మధ్యలో కరెంటు పోయింది. ఆంప్లిఫైయర్లు ఆగిపోయాయి, డ్రమ్మర్ చేతులు దించాడు. అక్క మాత్రం చీకట్లో ఆ లైను ఇంకో రెండుసార్లు పాడింది. మెట్ల మీద టార్చి వెలుగు కనిపించింది. మాస్టారు మాకు కొవ్వొత్తి తెస్తున్నారు. గుమ్మంలోనే ఆగి, "ఆ చెట్టును అలా ఎందుకమ్మా సాగదీస్తావు? ద్విత్వం ఉంది కదా, చ అక్షరం మీద బరువు పెట్టాలి" అన్నారు.

అక్క తాళం గురించి చెప్పింది. ఏడు, ఐదు, తొమ్మిది. ఆయన కొవ్వొత్తిని స్పీకర్ మీద పెట్టబోతే మా గిటార్‌వాడు కెవ్వున అరిచి తీసి కింద పెట్టాడు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, "మీకు లెక్క తప్పిన నడక కావాలంటే ఇంగ్లండ్ దాకా ఎందుకు? ఆటవెలదిలో పెట్టుకోండి" అన్నారు.

ఆటవెలది అందరం స్కూల్లో చదివిందే. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, తర్వాతి పాదంలో ఐదు సూర్యగణాలు. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. మాస్టారు అరచేత్తో కుర్చీ చెక్క మీద కొడుతూ చెప్పారు. ఉప్పు, కప్పు, రంబు. ఒక్కోటి మూడు మాత్రలు. తర్వాత నొక్కపో, లికనుండు. ఒక్కోటి ఐదు. మొత్తం పందొమ్మిది. చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. అన్నీ మూడేసి, పదిహేను. పురుషు, లందు, పుణ్య, ఇంతవరకు తొమ్మిది. కానీ పురుషులు నాలుగే, వేరయా ఐదు. పద్దెనిమిది. విశ్వదాభిరామ మళ్లీ పదిహేను.

డ్రమ్మర్ కర్రలు తీసుకుని హైహాట్ మీద మెల్లగా కొట్టాడు. మూడు మూడు మూడు ఐదు ఐదు. మూడు మూడు మూడు మూడు మూడు. చీకట్లో వాడి మొహం నాకు కనబడలేదు గానీ రెండో చుట్టుకే నవ్వుతున్నాడని తెలిసిపోయింది. "నాన్నా, ఇది పందొమ్మిది బై ఎనిమిది!" అన్నాడు. "అదేమిటో నాకు తెలియదు గానీ, నీకు ఐదో తరగతిలో ఒప్పజెప్పించాను, నువ్వే సరిగా నేర్చుకోలేదు" అన్నారాయన.

మాకు పిచ్చెక్కిపోయింది. మొత్తం కూడితే 67 మాత్రలు. అది ప్రధానసంఖ్య, దేనితోనూ భాగించబడదు. అంటే కింద నేను బేస్ మీద నాలుగేసి మాత్రల ముక్కను తిప్పుతూ ఉంటే, పద్యం నాలుగు చుట్లు తిరిగితే గానీ ఇద్దరం ఒకే చోట మొదలుపెట్టం. ఆ నాలుగు చుట్లూ నీళ్లు, చెట్టు ఒకదాన్నొకటి లాక్కుంటున్నట్టు ఉంటుంది. ప్రోగ్రెసివ్ బ్యాండ్లు ఇలాంటి దానికోసం కాగితాల మీద లెక్కలు వేసుకుంటాయి. మాకది ఉప్పుకప్పురంబులో దొరికింది.

పద్యాలు ఆయన్నే రాయమన్నాం. రెండు నెలలు తీసుకున్నారు. మొదట గ్రాంథికంలో రాసిచ్చారు, అక్క దండం పెట్టింది. తర్వాత వచ్చినవి ఇలా ఉన్నాయి:

నీరు పైకి వచ్చె నింగి దాకా పొంగి
చెట్టు కొమ్మ మీద చేరె నూరు

ఇలాంటివి ఎనిమిది పద్యాలు. ఇక్కడో చిక్కుంది. ఇంద్రగణం నాలుగు మాత్రలైనా ఉండొచ్చు, ఐదైనా ఉండొచ్చు. కాబట్టి ఒక్కో పద్యం కొలత ఒక్కోలా ఉంటుంది, ఎక్కడో 64, ఎక్కడో 68. లెక్కపెట్టి వాయించడం కుదరదు. ఎనిమిది పద్యాలూ నోటికి వస్తేనే డ్రమ్స్ వాయించగలరు. ముప్ఫై ఒక్కేళ్ల డ్రమ్మర్ రోజూ ఆఫీసు బస్సులో పద్యాలు బట్టీ పట్టాడు. నేను కూడా. మా ఇంట్లో ఇది కొత్త భక్తి అనుకున్నారు.

రికార్డింగ్‌లో అసలు చిక్కు మొదలైంది. స్టూడియోలో అందరూ హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ వింటూ వాయిస్తారు. ఒక్కో వాయిద్యం విడివిడిగా రికార్డు చేసినా చివరికి అతికేది ఆ టిక్కు వల్లే. మా వేగానికి నిమిషానికి మూడు వందల టిక్కులు. నేను ఒక రాత్రి కూర్చుని 19, 15, 18, 15 దెబ్బల వరసలుగా క్లిక్ తయారుచేశాను. డ్రమ్మర్ పది నిమిషాలు విని హెడ్‌ఫోన్స్ తీసేశాడు. "కుట్టుమిషన్ పక్కన కూర్చోబెట్టి పద్యం చదవమన్నట్టుంది రా" అన్నాడు.

అందుకని తిరగేసి చేశాం. ముందు మాస్టారు చేత పద్యాలు చదివించి రికార్డు చేశాం, ఏ టిక్కూ లేకుండా, ఆయన అరచెయ్యే తాళం. ఆయనెప్పుడూ మైకు ముందు కూర్చోలేదు. నోటికి ఎంత దూరం ఉండాలి, కళ్లజోడు తీయాలా అని అడిగారు. గది గోడలకు పాత బొంతలు వేలాడదీశాం. కోడిగుడ్ల అట్టలు అతికిస్తే చప్పుడు ఆగుతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, మేమూ ఒక ఏడాది అలాగే అనుకున్నాం, ఆగదు. పక్కింటి బోరు మోటారు ఆగేదాకా అరగంట కూర్చుని, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ ఎనిమిది పద్యాలూ ఒకే వరసలో చదివారు. ఆ ఫైలును కంప్యూటర్‌లో పెట్టి, ప్రతి పాదం ఎక్కడ మొదలైందో నేను గుర్తు పెట్టుకుంటూ పోయాను. ముప్ఫై రెండు గుర్తులు. సాఫ్ట్‌వేర్ వాటిని బట్టి తన గడులను సాగదీసుకుంది. అప్పుడు తెలిసింది, మాస్టారి వేగం 286కూ 310కూ మధ్య ఊగుతోందని. వరద పెరిగే పద్యాల్లో తెలియకుండానే తొందరపడ్డారు. నాలుగో పాదం చివర ప్రతిసారీ చిన్న ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరికి ఏ లెక్కా లేదు. నేను దానికో చిన్న గడి ఇచ్చి వదిలేశాను.

డ్రమ్మర్ హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ బదులు ఆ గొంతు పెట్టాం. స్టూడియో మూడు రోజులకు తీసుకున్నాం, రోజుకు పన్నెండు వేలు. మొదటి రోజు సగం మైకులు అమర్చడానికే పోయింది. స్నేర్ పైన ఒకటి, కింద ఒకటి, కిక్ లోపల ఒకటి, టామ్‌లకు తలా ఒకటి, సింబల్స్ మీద రెండు, గది మూలలో ఒకటి. స్నేర్ కింద మైకు పైదానికి ఎదురు తిరిగి ఉంటుంది కాబట్టి ఫేజ్, అంటే శబ్ద తరంగం దిశ, తిప్పకపోతే రెండూ కలిసి చప్పబడిపోతాయి. ఆ ఒక్క బటన్ నొక్కగానే స్నేర్ లావెక్కడం చూసి నాకు భలే సరదా వేసింది. వరద పాట రెండో రోజు రాత్రి పదకొండింటికి, ఆరో టేక్‌లో అయింది. పదిహేడు నిమిషాల పాట వాడు కళ్లు మూసుకుని, పెదాలతో పద్యం చదువుతూ వాయించాడు. అయిపోయాక కాసేపు బయటికి రాలేదు. వెళ్లి చూస్తే కర్రలు ఒళ్లో పెట్టుకుని, "నాన్న నా చెవిలో చదువుతున్నట్టే ఉంది" అన్నాడు. నిజంగా చెవిలోనే కదా చదివింది అని నేను జోకు వేయబోయి ఊరుకున్నాను.

రెండో పాటలో నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. స్టూడియోలో డ్రమ్స్, శబ్దాన్ని సెకనుకు 48 వేలసార్లు కొలుస్తూ, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డయ్యాయి. మా ఇంటి సెషన్ 44.1లో ఉంది. ఫైలు మార్చకుండా అలాగే పడేసి గిటార్‌వాడికి పంపించాను. అలా చేస్తే ఏమవుతుందంటే, పాట ఎనిమిది శాతం నెమ్మదిస్తుంది, శృతి కూడా గిటార్ మీద దాదాపు ఒకటిన్నర మెట్లు కిందికి జారుతుంది. డ్రమ్స్ కాబట్టి శృతి తేడా వెంటనే పట్టుకోలేం. వాడికి క్లిక్ అంటే ఒళ్లుమంట, ఆఫ్ చేసుకుని డ్రమ్స్ వింటూ మూడు రాత్రులు కూర్చుని గిటార్లన్నీ వాయించేశాడు. తర్వాత ఫోన్ చేసి, "మామా, స్టూడియో డ్రమ్స్ సౌండు అదిరిపోయింది, ఎంత బరువుగా ఉందో!" అన్నాడు. 7 నిమిషాల 20 సెకన్ల పాట 7:59 ఎలా అయిందా అని నేను చూసేసరికి విషయం అర్థమైంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పొద్దున్నే అందరికీ చెప్పేశాను. అక్క రెండు వెర్షన్లూ వింది. "నెమ్మదిదే బాగుంది, అలాగే ఉంచండి" అంది. మేం మూడేళ్లలో కావాలని తీసుకున్న నిర్ణయాలు చాలావాటికంటే ఈ పొరపాటే బాగుంది. ఇప్పటికీ ఆల్బమ్‌లో అందరికీ నచ్చే డ్రమ్స్ అవే.

వరద చప్పుడు కోసం మూసీ ఒడ్డుకు రికార్డర్ పట్టుకెళ్లాం. నది కంటే ట్రాఫిక్కే ఎక్కువ వినబడింది. చివరికి వాడింది మా పెద్దమ్మ వాళ్లింటి రేకుల షెడ్డు మీద పడ్డ వాన.

మిక్సింగ్‌కు ఆరు నెలలు పట్టింది. చేసినతను ఓపికమంతుడు, మా వాట్సాప్ గ్రూపులో రాత్రి రెండింటికి వచ్చే వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాడు. నలుగురికీ ఎవరి వాయిద్యం వారికి వినబడట్లేదు, ఇంతకంటే చెప్పడానికేం లేదు. తొమ్మిదో రివిజన్‌ను కార్లో వేసుకుని ఔటర్ రింగు రోడ్డు ఎక్కాం. ఆల్బమ్ 47 నిమిషాలు. గచ్చిబౌలిలో ఎక్కి, మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకుని విన్నాం. మూడో పాటలో గిటార్‌వాడు నోరు తెరవబోతే అక్క వెనక సీట్లోంచి జెల్ల కొట్టింది.

ఆ మిక్స్‌లోనే ఆ శబ్దం బయటపడింది. వరద పాటలో 11:42 దగ్గర అన్నీ ఆగి, ఒక్క సింబల్ మోత నెమ్మదిగా ఆరిపోతుంది. దాని అడుగున ఎవరో గొంతు సవరించుకుంటారు. మాస్టారే! హెడ్‌ఫోన్స్‌లోంచి ఆయన గొంతు సింబల్ మైకుల్లోకి కారింది. మిగతా చోట్లంతా డ్రమ్స్ మోతలో కలిసిపోయింది గానీ, అక్కడ దాక్కోవడానికి చోటు లేదు. మిక్సింగ్ అతను తీసేస్తానన్నాడు. డ్రమ్మర్ వద్దన్నాడు. ఓటింగ్ కూడా పెట్టలేదు.

మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు చివరి మెరుగులప్పుడు, గొడవ లౌడ్‌నెస్ గురించి. స్ట్రీమింగ్‌లో చాలావరకు అన్ని పాటలనూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత బిగ్గరగా వినబడుతుందో కొలిచే ప్రమాణం) దగ్గరికి తెచ్చి సమం చేస్తారు. ఎంత గట్టిగా చేసినా వాళ్లు తగ్గిస్తారు కాబట్టి గట్టిగా చేయడం దండగ. అయినా గిటార్‌వాడికి గట్టిగానే కావాలి. వరద రాకముందు నిమిషంన్నర పాటు అక్క కీబోర్డు మీద దాదాపు గుసగుసలాడుతుంది. దాన్నీ వరదనూ ఒకే ఎత్తుకు లేపితే వరద వచ్చిన సంగతే తెలియదు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా నిలబడి గెలిచాను.

రిలీజ్ పనులన్నీ నా నెత్తిన పడ్డాయి, ఎక్సెల్ వచ్చన్న పాపానికి. ప్రతి పాటకూ గుర్తింపుగా పన్నెండు అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్, ఆల్బమ్‌కు బార్‌కోడ్ నంబర్, కవర్ బొమ్మ 3000 పిక్సెళ్ల చదరం. కవర్ మీద తెలుగులో "చింత" అని అక్క చేత్తో రాసింది. ఫారంలో పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఇచ్చాను. రెండు రోజుల తర్వాత డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచి మెయిల్, కవర్ మీద పేరూ ఫారంలో పేరూ సరిపోలడం లేదు, తిరస్కరించాం అని. అవి రెండూ ఒకటే అని మూడు మెయిళ్లు రాశాను. చివరికి ఫారంలో కూడా తెలుగులోనే పెట్టేశాను, ఒప్పుకున్నారు. జానర్ దగ్గర ఇంకో తమాషా. ఇండియన్ అని నొక్కితే బాలీవుడ్, డివోషనల్, ఫోక్ వగైరా వస్తాయి. రాక్ అని నొక్కితే ప్రోగ్రెసివ్ వస్తుంది గానీ అప్పుడు తెలుగువాళ్లకు తెలుగు పాటగా కనబడదేమోనని భయం. పద్యాలున్నాయి కదా, డివోషనల్ పెట్టేస్తే వినేవాళ్లు ఎక్కువుంటారని గిటార్‌వాడు సీరియస్‌గానే అన్నాడు. రాక్ పెట్టాను.

అందరికంటే ఎక్కువ గొడవ పడింది వరద పాటను ముక్కలు చేయాలా వద్దా అని. స్ట్రీమింగ్‌లో ముప్ఫై సెకన్లు వింటే ఒక ప్లే. పదిహేడు నిమిషాలు విన్నా ఒకే ప్లే. పైగా ఒక పెద్ద సంస్థ 2024 నుంచి, ఏడాదిలో వెయ్యి ప్లేలు దాటని పాటకు అసలు డబ్బే ఇవ్వడం మానేసింది. పాటను ఐదు ముక్కలు చేస్తే లెక్క ఐదింతలు అవుతుంది, నాకది తెలివైన పనే అనిపించింది. అక్క ఒప్పుకోలేదు. "వరద ముక్కలుముక్కలుగా వస్తుందా?" అంది. ఆ ప్రశ్నకు నా ఎక్సెల్‌లో జవాబు లేదు. 17:06, ఒకే ట్రాక్.

మాస్టారి పేరు రచయితగా నమోదు చేయడానికి ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసే సంస్థ) ఫారాలు పట్టుకెళ్లాను. పాన్ కార్డు, బ్యాంకు వివరాలు అడిగేసరికి ఆయన కంగారుపడ్డారు. "ఈ వయసులో నాకు రాయల్టీ ఏమిటి బాబూ, ఇన్‌కంటాక్స్ వాళ్లు వస్తారా?" వచ్చేంత రాదని ధైర్యం చెప్పాను. ఆ మాట నిలబెట్టుకున్నాం.

తేదీ సెప్టెంబర్ 28 అనుకున్నాం, వరద వచ్చిన రోజు. కానీ 2015 నుంచి ప్రపంచమంతటా కొత్త సంగీతం శుక్రవారాలు విడుదల చేస్తున్నారు. 2024లో 28 శనివారం పడింది. 27కు జరిపాం. అదే రోజు ఒక పెద్ద హీరో సినిమా రిలీజ్, ఆరేళ్ల తర్వాత సోలోగా వస్తున్నాడు. మా డ్రమ్మర్ అర్ధరాత్రి షోకు టికెట్లు కొనేశాడు. ఆల్బమ్ కూడా అర్ధరాత్రే వస్తుంది కదరా అంటే, "ఇంటర్వెల్‌లో షేర్ చేస్తా" అన్నాడు.

నవ్వుకోవడానికి లేకుండా చేసింది సెప్టెంబర్ 1. ఆ రోజు పెట్టాలని ఒక పోస్టర్ చేసి ఉంచుకున్నాం. నల్లని నీళ్లు, పైన చెట్టు, కింద "వరద వస్తోంది". పొద్దున్నే పోస్టు చేయడానికి ఫోన్ తీస్తే విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయిందని వార్త. మాస్టారి అక్కగారి కుటుంబం అక్కడే ఉంటుంది. ఆ రోజంతా నేను మాస్టారింట్లోనే ఉన్నాను. ఫోన్ కలిసేది కాదు. సాయంత్రానికి ఒక్కసారి కలిసింది. "మేడ మీద పదిహేడు మందిమి ఉన్నాంరా, కింది వాటాల వాళ్లు కూడా వచ్చారు. నీళ్లన్నీ నీళ్లే, తాగడానికి గుక్కెడు లేవు" అంది ఆవిడ. ఛార్జింగ్ అయిపోతోందని పెట్టేసింది. మూడో రోజు పడవలో బయటికి తెచ్చారు, క్షేమంగా.

ఆల్బమ్ వాయిదా వేద్దామా అని అనుకున్నాం. రాసేటప్పుడు మాకు వరద అంటే నూటపదహారేళ్ల కిందటి ఫొటో. ఇప్పుడు "చేరె నూరు" అన్న చోట నాకు ఆ మేడ తప్ప ఇంకేదీ కనబడటం లేదు. మాస్టారినే అడిగాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "పోస్టరు మాత్రం పెట్టకండి. పాట పాటే" అన్నారు. పోస్టర్ చెరిపేశాను. ఏ ప్రచారమూ లేకుండా 27న ఆల్బమ్ వచ్చింది.

వచ్చిన రాత్రి ఏం జరిగిందంటే ఏమీ జరగలేదు. పన్నెండింటికి నేను యాప్‌ను లాగి వదిలి లాగి వదిలి చూశాను. పన్నెండూ ఐదుకు కవర్ కనబడింది, అక్క చేతిరాతతో. నాలుగో పాటకూ ఐదో పాటకూ మధ్య ఖాళీ ఉండకూడదు, ఒకదాన్లోంచి ఒకటి జారాలి. ఒక యాప్‌లో జారింది. ఇంకోదాంట్లో మధ్యలో టక్కుమని అరక్షణం ఆగింది. చేసేదేమీ లేదు. డ్రమ్మర్ థియేటర్‌లోంచి ఈలల మధ్య వాయిస్ మెసేజ్ పెట్టాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు.

మా నలుగురి జేబుల్లోంచి పోయింది నాలుగు లక్షల పైమాటే. మొదటి మూడు నెలల్లో వచ్చిన దానితో నలుగురం ఒకసారి బిర్యానీ తిన్నాం, అక్క వెజ్ కాబట్టి సరిపోయింది. వంద సీడీలు వేయించాం, కొన్నవాళ్లలో సగం మంది ఇంట్లో ప్లేయర్ లేదు.

మాకు అస్సలు తెలియని మనిషి నుంచి మొదటి మెసేజ్ నాలుగో రోజున వచ్చింది. ఖమ్మం నుంచి ఒకతను. మున్నేరు వరదలో వాళ్ల షాపు మునిగిందట, బురద కడుగుతూ పెద్ద పాట విన్నాడట. తాళాల గురించి, చెట్టు గురించి ఏమీ రాయలేదు. "11:42 దగ్గర ఎవరో గొంతు సవరించుకుంటున్నారు. అచ్చం మా తాతయ్యలా ఉంది. ఎవరండీ?" అని అడిగాడు.

ఫోన్ పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్లాం. ఆ గొంతు పాటలో ఉన్న సంగతి అప్పటిదాకా ఆయనకు చెప్పలేదు. డ్రమ్మర్ హెడ్‌ఫోన్స్ పెట్టి 11:30 దగ్గర్నుంచి వినిపించాడు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు, సింబల్ ఆరింది, కళ్లు తెరిచారు.

"ఇది తీసేయలేరా?"

"కుదరదు మాస్టారూ. రిలీజైపోయింది."

"ముందే చెప్పాల్సింది కదా బాబూ," అన్నారు హెడ్‌ఫోన్స్ తీస్తూ, "మంచినీళ్లు తాగి కూర్చునేవాణ్ణి."